గంధపు చెక్క, ఇనుప రాయి, కావేరి నీళ్ళు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితం

(పూర్వ విద్యార్థి, ఎం.ఏ. అర్థశాస్త్రం)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడిగినప్పుడు, మొదట హాస్టలు జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. నీళ్ళ చారు గురించి, స్టడీ అవర్లో నిద్ర గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి ఒక పెద్దమనిషి జీవితం రాస్తున్నాను. ఆయన పేరు మనందరికీ తెలుసు. సెప్టెంబరు 15 ఇంజనీర్ల దినోత్సవం అని బడిలో ప్రార్థన సమయంలో చెప్పేవారు, తలపాగా పెట్టుకున్న ఆయన ఫోటోకు దండ వేసేవారు. అంతకు మించి నాకు డిగ్రీ పూర్తయ్యేదాకా ఏమీ తెలియదు.

తెలుసుకోవాలనిపించడానికి కారణం మా ఊరి బస్సు. మాది మార్కాపురం పక్కన పల్లె. గిద్దలూరు వైపు వెళ్ళే దారిలో బేస్తవారిపేట మండలంలో మోక్షగుండం అనే ఊరుంది. విశ్వేశ్వరయ్య గారి ఇంటిపేరు ఆ ఊరిదే. వారి పూర్వీకులు కొన్ని తరాల ముందు అక్కడినుంచి మైసూరు రాజ్యానికి వలస వెళ్ళారు. ఈ సంగతి కండక్టరు ఒకసారి చెబితే నమ్మలేదు, తర్వాత పుస్తకాల్లో చూసి నమ్మాను.

రెండో కారణం మా నాన్న. మార్కాపురం పలకలకు పేరు. మా నాన్న పలకల క్వారీలో రాయి చీల్చే కూలి. నేలలోనుంచి తీసిన రాయిని పొరలు పొరలుగా చీల్చి, కోసి, చెక్క చట్రం బిగిస్తే పలక. దేశమంతా పిల్లలు మా ఊరి రాయి మీదనే అక్షరాలు దిద్దిన రోజులున్నాయి. నోటుబుక్కులు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. రాయి అలాగే ఉంది, చీల్చే చేతులు అలాగే ఉన్నాయి, పని మాత్రం తగ్గిపోయింది. ఇంకో పక్క చీమకుర్తిలో నల్లటి గెలాక్సీ గ్రానైటు ఉంది. పెద్ద పెద్ద దిమ్మెలు లారీల మీద ఓడరేవుకు పోతాయి, వేరే దేశంలో కోసి నునుపు చేసి అమ్ముకుంటారు. నేల కింద ఉన్నది అమ్ముకుని ఊరుకున్న ప్రాంతం ఏమవుతుంది, దానితో ఇంకో పది పనులు పుట్టించిన ప్రాంతం ఏమవుతుంది అనే ప్రశ్న నేను ఎం.ఏ.లో చేరినప్పటినుంచీ నన్ను వదల్లేదు. విశ్వేశ్వరయ్య గారు ఆ ప్రశ్న మీద బతుకంతా పనిచేసిన మనిషి. అందుకే ఆయన.

ఆయన 1861 సెప్టెంబరు 15న ఇప్పటి కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు, తల్లి వెంకటలక్ష్మమ్మ. ఇంట్లో మాట్లాడేది తెలుగు. డబ్బున్న ఇల్లు కాదు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. మేనమామ ఆసరాతో బెంగుళూరు చేరి, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో బి.ఏ. చదివారు. తర్వాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజా పనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు లేకపోతే ఆ ఇంజనీరు లేడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ అవసరం వస్తుంది.

బొంబాయి ఉద్యోగంలో ఇరవై నాలుగేళ్ళు గడిచాయి. సింధులో సుక్కూరు పట్టణానికి నీటి సరఫరా, పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి తమంతట తామే తెరుచుకునే గేట్లు, ఏడెన్ నగరానికి మురుగునీటి పథకం, ఇలా చాలా ఉన్నాయి. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి. కొవ్వొత్తి కథ, రైలు పట్టా విరిగిన శబ్దం విన్న కథ కూడా మీకు వచ్చు. అవి నిజమో కాదో నేను తేల్చలేను, అందుకని వదిలేస్తున్నాను.

1908లో ఆయన ఆ ఉద్యోగం వదిలి విదేశాలు చూడటానికి వెళ్ళారు. అదే ఏడాది సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ నది పొంగి వేలమందిని మింగింది. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగిపోవడంతో వచ్చిన వరద అది. నిజాం ప్రభుత్వం పిలుపు మీద 1909లో ఆయన హైదరాబాదు వచ్చి, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు కట్టి వరద నీటిని ఆపాలని పథకం ఇచ్చారు. అవే తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. గండిపేట నీళ్ళు తాగిన వాడు హైదరాబాదు వదిలి వెళ్ళడని అంటారు. ఆ గండిపేట చెరువే ఉస్మాన్ సాగర్. నగరంలో చదువుకున్న మన హాస్టలు పూర్వ విద్యార్థులు చాలామంది ఆ నీళ్ళు తాగినవారే.

1909 నవంబరులో మైసూరు సంస్థానం ఆయనను చీఫ్ ఇంజనీరుగా పిలిచింది. అసలు కథ ఇక్కడినుంచి.

అప్పటి మైసూరు సంస్థానంలో ఏముందో చూడండి. కోలారులో బంగారం. మలెనాడు కొండల్లో ఇనుప రాయి, దట్టమైన అడవి. అడవిలో, పొలం గట్ల మీద శ్రీగంధం చెట్లు. పల్లెల్లో పట్టు పురుగుల పెంపకం. దక్షిణాన కావేరి. ఇన్ని ఉన్నా రాజ్యం పేదది. బంగారం తవ్వేది లండన్ కంపెనీలు, రాజ్యానికి దక్కేది రాయల్టీ. గంధపు చెక్కను వేలం వేసేవారు, అది ఓడలెక్కి జర్మనీ వెళ్ళి నూనెగా మారేది. తోళ్ళు పచ్చివే ఎగుమతి. అన్నీ ముడిసరుకుగానే వెళ్ళేవి, తయారైన వస్తువులుగా తిరిగి వచ్చేవి. లాభం దారిలో ఎక్కడో ఆగేది.

బంగారు గనుల దగ్గర ఆయన కంటే ముందే ఒక మంచి పని జరిగింది. దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో కావేరి మీద శివనసముద్రం దగ్గర జల విద్యుత్ కేంద్రం పెట్టి, 1902లో దాదాపు 147 కిలోమీటర్ల తీగలు లాగి కోలారు గనులకు కరెంటు ఇచ్చారు. అప్పటికి ప్రపంచంలోనే అంత దూరం కరెంటు పంపినవాళ్ళు తక్కువ. బంగారం విదేశాలకు వెళ్ళినా, ఆ గనులకు అమ్మిన కరెంటు మీద రాజ్యానికి ఆదాయం వచ్చింది, ఇక్కడి ఇంజనీర్లు కరెంటు పని నేర్చుకున్నారు. 1905లో బెంగుళూరు వీధుల్లో విద్యుత్ దీపాలు వెలిగాయి. చిక్కు ఏమిటంటే ఎండాకాలంలో కావేరి సన్నబడితే కరెంటు తగ్గేది. నీటిని నిలవ చేస్తే తప్ప గనులకు ఏడాది పొడుగునా ఇవ్వలేరు.

దానికి విశ్వేశ్వరయ్య గారి జవాబు కన్నంబాడి దగ్గర ఆనకట్ట. ఒకే ఆనకట్టతో రెండు పనులు: విద్యుత్ కేంద్రానికి నిలకడగా నీరు, మండ్య వైపు మెట్ట పొలాలకు కాలువ. గనులు కట్టే కరెంటు బిల్లు ఆనకట్ట ఖర్చుకు ఆసరా అవుతుందని ఆయన లెక్క. సంస్థానంలో ఆర్థిక అధికారులు అంత డబ్బా అని భయపడ్డారు. దిగువన ఉన్న మద్రాసు ప్రభుత్వం మా నీళ్ళు అని అభ్యంతరం పెట్టింది. ఆ తగాదా 1924 ఒప్పందం దాకా సాగింది, ఒక రకంగా ఇంకా సాగుతూనే ఉంది. 1911లో పని మొదలైంది. మద్రాసు తక్కువ ఎత్తుకే ఒప్పుకున్నా, ఆయన పునాది మాత్రం పూర్తి ఎత్తుకు సరిపడా వేయించారు. సిమెంటు దిగుమతి చేసుకోవాల్సిన రోజులు కనుక, సున్నంలో ఇటుక పొడి కలిపిన సుర్కీ గచ్చుతోనే ఆ గోడ లేచింది. 1930ల మొదట్లో పూర్తయిన ఆ కృష్ణరాజసాగరం రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవు. కన్నంబాడి పాత ఊరు, చుట్టుపక్కల మరికొన్ని పల్లెలు నీళ్ళలో మునిగాయి. మునిగినవారి పేర్లు ఏ శిలాఫలకం మీదా నాకు కనబడలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కోలారు గనుల్లోకి దిగి రాళ్ళు పగలగొట్టినవారు ఎవరు? ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన దళితులు, చిత్తూరు వైపునుంచి వెళ్ళిన మన తెలుగువారూ ఉన్నారు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్‌తో పోయినవారు ఎందరో. మా నాన్నకు కూడా రాత్రిపూట దగ్గు ఆగదు. మార్కాపురంలో పలకల పని చేసే ఇళ్ళలో అది కొత్త సంగతి కాదు. విశ్వేశ్వరయ్య గారి మీద వచ్చిన పుస్తకాలలో గని ఉత్పత్తి లెక్కలున్నాయి, కూలీల దగ్గు లేదు. ఆయన తప్పు అని నేను అనను, ఆయన గని యజమాని కాడు. కాని ఈ సంచికలో రాయకపోతే ఇంకెక్కడ రాస్తాం?

1912 నవంబరులో మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయారు ఆయనను దివాన్‌గా నియమించారు. దివాన్ అంటే ముఖ్యమంత్రి లాంటి పదవి. 1918 చివరిదాకా, ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో జరిగినవి చదువుతుంటే ఒక మనిషి నిద్ర ఎప్పుడు పోయాడా అనిపిస్తుంది. 1913లో మైసూరు బ్యాంకు, అదే ఏడాది నిర్బంధ విద్య చట్టం, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరులో ఇంజనీరింగు కాలేజీ. సంస్థానంలో అప్పటికి దాదాపు 4,500 బడులుంటే ఆరేళ్ళలో కొత్తగా 6,500 తెరిచారు. వ్యవసాయం, విద్య, పరిశ్రమలు అని మూడు కమిటీలతో ఆర్థిక సమావేశం 1911లోనే పెట్టించి, జిల్లాల నుంచి జనాన్ని పిలిపించి మాట్లాడించారు.

నాకు అన్నిటికంటే నచ్చింది గంధపు చెక్క కథ. మైసూరులో గంధం చెట్టు ఎవరి పొలంలో మొలిచినా అది సర్కారుదే. టిప్పు సుల్తాను నాటినుంచీ ఉన్న ఆచారం. చెక్క నరికి, ఎండబెట్టి, వేలం వేయడమే సర్కారు పని. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మనీ శత్రుదేశం అయింది, ఓడలు ఆగాయి. గోదాముల్లో చెక్క గుట్టలు పడిపోయింది, ఖజానాకు రావలసిన డబ్బు ఆగిపోయింది. అలాంటప్పుడు మామూలు అధికారి అయితే యుద్ధం అయ్యేదాకా ఆగుదాం అంటాడు. ఇక్కడ అలా జరగలేదు. పరిశ్రమల శాఖ డైరెక్టరు ఆల్ఫ్రెడ్ చాటర్టన్, బెంగుళూరు టాటా విజ్ఞాన సంస్థలోని రసాయన ఆచార్యులు సడ్‌బరో, వాట్సన్ కలిసి చెక్కను పొట్టు చేసి, ఆవిరి పట్టి, నూనె తీసే పద్ధతిని ఇక్కడే తేల్చారు. 1916లో బెంగుళూరులో, ఆ మరుసటి ఏడాది మైసూరులో గంధపు నూనె ఫ్యాక్టరీలు మొదలయ్యాయి. ఆ విజ్ఞాన సంస్థకు స్థలం ఇచ్చింది కూడా మైసూరు సంస్థానమే. అంటే ఒకచోట చదువు మీద పెట్టిన ఖర్చు, కొన్నేళ్ళకే ఇంకోచోట ఫ్యాక్టరీగా తిరిగి వచ్చింది.

నూనెతో ఆగలేదు. సబ్బు చేయడం నేర్చుకు రమ్మని ఎస్.జి. శాస్త్రి అనే యువ రసాయన శాస్త్రవేత్తను ఇంగ్లండు పంపారు. ఆయన తిరిగి వచ్చాక 1918లో బెంగుళూరులో ప్రభుత్వ సబ్బుల ఫ్యాక్టరీ నడక మొదలుపెట్టింది. మైసూరు శాండల్ సబ్బు పుట్టింది అలా. సింహం ఒంటికి ఏనుగు తల ఉన్న శరభం బొమ్మ దాని గుర్తు. మన హాస్టల్లో నెలకు ఇచ్చే కాస్మెటిక్ డబ్బులకు అది వచ్చేది కాదు, మనకు దొరికింది బట్టల సబ్బుకు అన్న లాంటి సబ్బు. ఏడో తరగతిలో మా మేనమామ బెంగుళూరులో సెంట్రింగు పనికి వెళ్ళి వస్తూ ఒకటి తెచ్చాడు. వాడకుండా ట్రంకు పెట్టెలో బట్టల మధ్య పెట్టుకున్నాను, ఏడాది పాటు వాసన పోలేదు. వందేళ్ళు దాటినా ఆ సబ్బు ఇప్పటికీ కర్ణాటక ప్రభుత్వ సంస్థే చేసి అమ్ముతోంది.

తోళ్ళ విషయంలోనూ ఇదే పద్ధతి. క్రోమ్ పద్ధతిలో తోళ్ళు శుద్ధి చేసే ఫ్యాక్టరీ పెట్టించారు. ఇక్కడ నా మనసు రెండుగా అయింది. మన తాతలు తంగేడు చెక్క, కరక్కాయ వేసి లందలో తోలు నానబెట్టి, నెలల తరబడి కష్టపడి చెప్పులు కుట్టారు. ఆ పని చేసినందుకే ఊరి బయట ఉన్నారు. అదే పనికి రసాయన శాస్త్రం, యంత్రం, మూలధనం తోడైతే అది పరిశ్రమ అయింది, గౌరవమైన వ్యాపారం అయింది. అప్పుడు దాని యజమానులు మనవాళ్ళు కాలేదు. ముడిసరుకే కాదు, చేతిలో ఉన్న విద్య కూడా ఇలాగే చేయి మారుతుందని నాకు అక్కడ అర్థమైంది.

ఇక భద్రావతి. బాబాబుదన్ కొండల్లో కెమ్మణ్ణుగుండి దగ్గర మంచి ఇనుప రాయి ఉంది. ఇనుము కరిగించాలంటే రాక్షసి బొగ్గు కావాలి, మైసూరులో అది లేదు. ఉన్నది అడవి. అందుకని కట్టెబొగ్గుతో ఇనుము తీయాలని నిర్ణయించారు. కట్టెలను ఊరికే కాల్చి బొగ్గు చేస్తే పొగంతా గాలిలో కలిసిపోతుంది. అలా కాకుండా మూసిన ఇనుప గదుల్లో పెట్టి వేడిచేసి, వచ్చే ఆవిరిని చల్లార్చితే మిథైల్ ఆల్కహాలు, కాల్షియం అసిటేటు, తారు దొరుకుతాయి. మిగిలిన బొగ్గు కొలిమికి పోతుంది. పొగను కూడా సరుకు చేయాలన్నమాట. అమెరికా నిపుణుడు పెరిన్ చేత పరిశీలన చేయించి, 1918లో మంజూరు చేసి, కొలిమి వెలిగేసరికి 1923 జనవరి అయింది. అప్పటికి ఆయన దివాన్ కాదు.

కొలిమి వెలిగేనాటికి యుద్ధం అయిపోయి దుక్క ఇనుము ధర కూలిపోయింది. కట్టిన ఖర్చు అనుకున్నదానికంటే ఎంతో పెరిగింది. ఫ్యాక్టరీ నష్టాల్లో పడింది. ఇది తెల్ల ఏనుగు, అమ్మేద్దాం, మూసేద్దాం అన్నవారు చాలామంది. మహారాజు మళ్ళీ ఆయననే పిలిచారు. 1923 నుంచి 1929 దాకా ఆయన దాని బోర్డు అధ్యక్షుడు. విదేశీ నిపుణుల స్థానంలో మైసూరు యువకులను తయారుచేసి పెట్టారు, ఖర్చులు కోశారు, ఇనుమును ముద్దలుగా అమ్మడం తగ్గించి గొట్టాలు పోత పోయించారు. తర్వాతివారి కాలంలో 1936లో ఉక్కు, ఆ దశాబ్దం చివరలో సిమెంటు వచ్చాయి. పక్కనే కాగితపు మిల్లు వచ్చింది. 1950లలో జోగ్ జలపాతం కరెంటుతో విద్యుత్ కొలిములు పెట్టి కట్టెబొగ్గు మీద భారం తగ్గించారు. నష్టం వచ్చిన ఆ మొదటి ఏళ్ళలోనే మూసేసి ఉంటే ఈ పని నేర్చిన మనుషులు తయారయ్యేవారు కాదు. అలాగని కట్టెల కోసం నరికిన అడవి తక్కువేమీ కాదు. లెక్కలో అది కూడా రాయాలి.

ఆ ఆరేళ్ళ పనికి ఆయనకు రావలసిన జీతం లక్షకు పైగా పోగయింది. దాన్ని ఆయన ఇంటికి తీసుకోలేదు. చేతి పనులు, యంత్ర పనులు నేర్పే సంస్థ పెట్టమన్నారు. బెంగుళూరులో 1943లో వచ్చిన జయచామరాజేంద్ర వృత్తి విద్యా సంస్థ, ఇప్పటి పాలిటెక్నిక్, అదే. తన పేరు పెట్టనివ్వలేదు.

ఇప్పుడు మీరు అనుకుంటున్న ప్రశ్నకు వస్తాను. మీలో కొంతమందికి తెలిసే ఉంటుంది, తెలియనివారికి నేను దాచను. ఆయన దివాన్ పదవి ఎందుకు వదిలారు?

ఆ రోజుల్లో మైసూరు ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగాలు చాలావరకు బ్రాహ్మణుల చేతుల్లో ఉండేవి. జనాభాలో వారు నూటికి నలుగురు కూడా లేరు. మిగతా కులాలవారు 1917లో ప్రజామిత్ర మండలి అనే సంఘం పెట్టి మహారాజును కలిశారు. 1918లో మహారాజు, ప్రధాన న్యాయమూర్తి లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. ఉద్యోగాల్లో వెనుకబడినవారికి వాటా ఎలా ఇవ్వాలో చెప్పడం దాని పని. విశ్వేశ్వరయ్య గారు దీనికి ఒప్పుకోలేదు. చదువు అందరికీ ఇవ్వాలి, ఉద్యోగం మాత్రం అర్హత చూసే ఇవ్వాలి, లేకపోతే పని దెబ్బతింటుంది అన్నది ఆయన నమ్మకం. మహారాజు వెనక్కి తగ్గలేదు, ఆయనా తగ్గలేదు. 1918 చివర్లో పదవి నుంచి తప్పుకున్నారు. తర్వాత కాంతరాజ్ అరసు దివాన్ అయ్యారు. 1921లో కమిటీ సిఫార్సుల మీద ఉత్తర్వులు వచ్చాయి. ఏడేళ్ళలో పై ఉద్యోగాల్లో సగం, కింది ఉద్యోగాల్లో మూడింట రెండు వంతులు వెనుకబడిన వర్గాలకు చేరాలని లక్ష్యం. దేశంలో రిజర్వేషన్ల చరిత్రలో అది తొలి మెట్లలో ఒకటి.

ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసేశాను. నేను ఈ హాస్టలు అన్నం తిన్నవాణ్ణి. మా ఇంట్లో నాకంటే ముందు పదో తరగతి దాటినవారు లేరు. పీజీ సీటు నాకు రిజర్వేషన్‌లో వచ్చింది, దాచుకోవలసిన అవసరం నాకు కనబడలేదు. మరి నేను ఇంతకాలం గౌరవించిన మనిషి, నాలాంటి వాడి వాటా దగ్గర కుర్చీ వదిలి వెళ్ళిపోయారా? రెండు రోజులు కోపంగానే ఉన్నాను. ఈ వ్యాసం రాయడం మానేద్దామనుకున్నాను.

తర్వాత నిదానంగా ఆలోచించాను. పూనా వెళ్ళడానికి ఆయనకు స్కాలర్‌షిప్పు దొరికింది అన్నాను కదా. దాన్ని అందుకునేదాకా ఆయనను నడిపించినవి ఏవి? అక్షరాలున్న ఇల్లు, సంస్కృతం వచ్చిన తండ్రి, బెంగుళూరులో బస ఇచ్చిన మేనమామ. పేదరికం ఆయనకు ఉంది, కాని బడి గుమ్మం దగ్గర ఎవరూ ఆయనను ఆపలేదు. అర్హత అనే మాట ఆయనకు కొలబద్దలా కనబడింది. మనకు మాత్రం అది, కొందరు సగం దూరం ముందు నిలబడి మొదలుపెట్టే పరుగు పందెంలా కనబడుతుంది. భద్రావతి కొలిమి నష్టాల్లో ఉన్నప్పుడు ఆయన ఏం వాదించారు? మొదట్లో ఏ పరిశ్రమైనా తడబడుతుంది, సర్కారు చేయూత ఇచ్చి నిలబెట్టాలి, పని చేస్తూ చేస్తూ మనవాళ్ళు నేర్చుకుంటారు అని. ఇనుముకు వర్తించిన ఆ తర్కం మనుషులకు ఎందుకు వర్తించదు? ఆయన బతికి ఉంటే నేను వినయంగా అడిగే ప్రశ్న అదొక్కటే.

మన భోజనాల హాల్లో గోడమీద అంబేద్కర్ గారి ఫోటో ఉంది. ఆయన 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖతో పాటు నీటిపారుదల, విద్యుత్ వ్యవహారాలు కూడా చూశారు. దామోదర్ లోయ పథకానికి పునాది పడింది ఆ కాలంలోనే. నదులను వరద ఆపడానికే కాక కరెంటుకూ సాగుకూ రవాణాకూ కలిపి వాడాలనే ఆలోచన ఆయనదీ. పరిశ్రమలు పెరగకపోతే పల్లెలో కులం సంకెళ్ళు తెగవని ఆయన నమ్మకం. ఫ్యాక్టరీ విషయంలో ఈ ఇద్దరూ ఒకే వైపు ఉన్నారు, గేటు దగ్గర ఎవరిని లోపలికి రానివ్వాలనే చోట విడిపోయారు. నేను రెండో చోట అంబేద్కర్ గారి పక్కన నిలబడతాను. మొదటి చోట మాత్రం విశ్వేశ్వరయ్య గారి దగ్గర నేర్చుకోవలసింది ఇంకా చాలా ఉంది.

దివాన్ గిరీ తర్వాత ఆయన మరో నలభై ఏళ్ళకు పైగా బతికారు, ఊరికే బతకలేదు. టాటా ఉక్కు కంపెనీ బోర్డులో 1927 నుంచి 1955 దాకా సభ్యుడు. 1934లో దేశానికి ప్రణాళిక ఎలా ఉండాలో ఒక పుస్తకం రాశారు, పంచవర్ష ప్రణాళికలు రావడానికి పదిహేడేళ్ళ ముందు. పెద్ద పరిశ్రమల విషయంలో గాంధీజీతో ఆయనకు సూటిగానే భేదాభిప్రాయం ఉండేది. 1935లో, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, మోటారు కార్ల ఫ్యాక్టరీలు చూడటానికి యూరపు, అమెరికా తిరిగారు. బొంబాయి పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్‌తో కలిసి కార్ల ఫ్యాక్టరీ పెట్టాలని ప్రయత్నిస్తే అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం సహకరించలేదు. కాని 1940లో అదే వాల్‌చంద్, మైసూరు సంస్థానం పెట్టుబడితో బెంగుళూరులో విమానాల ఫ్యాక్టరీ పెట్టారు. అదే హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, ఇప్పటి హెచ్.ఎ.ఎల్. సముద్రం లేని, రాక్షసి బొగ్గు లేని బెంగుళూరును ఎందుకు ఎంచుకున్నారంటే, అక్కడ కరెంటు ఉంది, విజ్ఞాన సంస్థ ఉంది, ఇంజనీరింగు కాలేజీ ఉంది, డబ్బు పెట్టే సంస్థానం ఉంది. ఇవి ఏవీ నేలలోనుంచి తవ్వి తీసినవి కావు. కాని కావేరి నీళ్ళు, కోలారు గనుల కరెంటు బిల్లు, గంధం డబ్బు లేకుండా వచ్చినవి కూడా కావు. ఈనాడు మన బ్యాచిలో ముగ్గురు బెంగుళూరు సాఫ్ట్‌వేరు కంపెనీల్లో ఉన్నారు. వాళ్ళ జీతానికి, ఆ కన్నంబాడి గచ్చుకు దూరపు చుట్టరికం ఉందని నేనంటే నవ్వుతారు.

1955లో ఆయనకు భారతరత్న ఇచ్చారు. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్ళు నిండాక, బెంగుళూరులో కన్నుమూశారు. పుట్టిన ముద్దేనహళ్ళిలోనే దహనం చేశారు, అక్కడ స్మారకం ఉంది.

ఆయన మొదలుపెట్టినవన్నీ నిలవలేదు. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. మైసూరు బ్యాంకు 2017లో స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. ఆయన పేరే పెట్టుకున్న భద్రావతి ఉక్కు కర్మాగారాన్ని మూసేయాలని 2023 మొదట్లో నిర్ణయం వస్తే కార్మికులు ధర్నాలు చేశారు. అదే ఏడాది కొంత పని మళ్ళీ మొదలైంది. గని అయిపోయిన కోలారులో మిగిలింది మట్టి గుట్టలు, ఖాళీ ఇళ్ళు, రోజూ రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయే జనం. దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో బెంగుళూరు మాత్రం పెరుగుతూనే ఉంది.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు బేస్తవారిపేటలో దిగి మోక్షగుండం వెళ్ళి వచ్చాను. తిరిగి వచ్చి నాన్నకు ఈ కథంతా చెప్పాను. గంధపు చెక్క దగ్గర ఆయన దగ్గుతూనే శ్రద్ధగా విన్నాడు. అయిపోయాక, మన పలక రాయిని పొడి చేస్తే ఎందుకైనా పనికొస్తుందేమో మీ యూనివర్సిటీలో ఎవరినైనా అడగరాదా అన్నాడు. జియాలజీ విభాగంలో ఒక సారు ఉన్నారు. సెలవులు కాగానే ఒక సంచిలో నాలుగు ముక్కలు పట్టుకెళ్ళాను. పరీక్ష చేసి చెబుతామన్నారు.